క్యాన్సర్ చికిత్స: ఆసుపత్రిలో ఎవరేం చేస్తారు, ఆలయం నుంచి మనమేం చేయగలం



మన ఆలయ సేవా బృందానికి క్యాన్సర్ గురించి వచ్చే ఫోన్లలో ఎక్కువగా రెండు మాటలు వినిపిస్తాయి. జబ్బు వచ్చిన ఇంటివాళ్ళు "ఆసుపత్రిలో ఎవరిని అడగాలో తెలియడం లేదండీ" అంటారు. తెలిసినవాళ్ళు "ఏదైనా సాయం చేద్దామని ఉంది, ఏం చేయాలో తెలియడం లేదు" అంటారు. ఈ రెండు మాటలకూ సమాధానంగా ఈ వ్యాసం రాస్తున్నాం. ఇందులో చెప్పినవి ముఖ్యంగా ఇంగ్లండు పద్ధతులు. స్కాట్లండు, వేల్స్‌లలో కొన్ని నియమాలు వేరుగా ఉంటాయి.

అక్కడి అలవాటు, ఇక్కడి పద్ధతి

హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రికో, బసవతారకం ఆసుపత్రికో ఇంట్లో ఒకరిని తీసుకువెళ్ళినవాళ్ళకు అక్కడి పద్ధతి గుర్తుండే ఉంటుంది. ఫైలు మన చేతిలోనే ఉంటుంది. స్కాన్ తీయించేది, రిపోర్టు తెచ్చేది, మందులు కొనేది, డాక్టరుగారి గది ముందు నిలబడేది అంతా వెంట వచ్చిన తమ్ముడో, బావమరిదో. పెద్ద డాక్టరు చెప్పిందే చికిత్స. ఆయనను కలిస్తే పని జరిగినట్టు, కలవకపోతే ఆగిపోయినట్టు.

ఇక్కడ ఫైలు మన చేతికి రాదు. స్కాన్, బయాప్సీ అయ్యాక సర్జను, ఆంకాలజిస్టు, స్కాన్ చదివే రేడియాలజిస్టు, కణాలను పరీక్షించే పాథాలజిస్టు, నర్సు అందరూ ఒకచోట కూర్చుని ఆ కేసు మాట్లాడుకుంటారు. దాన్ని ఎం.డి.టి. మీటింగు అంటారు. ఏ ఒక్క డాక్టరు అభిప్రాయం మీదో ఆధారపడకుండా చికిత్స నిర్ణయం కావాలని 1995లో వచ్చిన కాల్మన్-హైన్ నివేదిక చెప్పింది. ఆ తరువాతే ఈ పద్ధతి దేశమంతా స్థిరపడింది. మంచి పద్ధతే. అయితే ఆ మీటింగులో రోగి ఉండరు, ఇంటివాళ్ళూ ఉండరు. బయట ఎదురు చూసే మనకు మాత్రం "వారం అయింది, ఎవరూ పట్టించుకోవడం లేదు" అనిపిస్తుంది.

ఎన్ని రోజులు చూడాలో కూడా తెలిసి ఉంటే ఆందోళన కొంత తగ్గుతుంది. క్యాన్సర్ అనుమానంతో జీపీ అర్జంటుగా పంపితే, క్యాన్సర్ ఉందో లేదో 28 రోజుల్లో చెప్పాలన్నది ఎన్‌హెచ్‌ఎస్ పెట్టుకున్న లక్ష్యం. అలా పంపిన రోజు నుంచి మొదటి చికిత్స మొదలవడానికి 62 రోజులు. అన్ని చోట్లా ఈ గడువు నిలబడడం లేదు. అందుకే ఆ రోజులు దాటితే ఫోన్ చేసి అడగడం తప్పు కాదు. మరి ఎవరికి చేయాలి?

మొదట రాసుకోవలసిన పేరు నర్సుది

క్యాన్సర్ అని చెప్పే రోజున కన్సల్టెంటు పక్కన ఇంకొకరు కూర్చుని ఉంటారు. ఆమె, లేదా ఆయన, క్లినికల్ నర్స్ స్పెషలిస్టు. చాలా ఆసుపత్రుల్లో సి.ఎన్.ఎస్. అనీ, కీ వర్కర్ అనీ పిలుస్తారు. వెళ్ళేటప్పుడు ఒక కార్డు ఇస్తారు. ఆ వార్త విన్న నిమిషంలో ఆ కార్డు ఎక్కడ పెట్టామో కూడా గుర్తుండదు. పైగా మన అలవాటు ప్రకారం నర్సు అంటే ఇంజెక్షన్ ఇచ్చేవారు, బి.పి. చూసేవారు. "నర్సుకేం తెలుసు, డాక్టరుగారినే అడుగుదాం" అనుకుంటాం. తరువాతి అపాయింట్‌మెంట్ దాకా మూడు వారాలు కూర్చుని భయపడతాం.

ఈ నర్సు మామూలు వార్డు నర్సు కాదు. రొమ్ము క్యాన్సరుకు ఒకరు, పెద్దపేగుకు ఒకరు, ఊపిరితిత్తులకు ఒకరు, ఇలా ఒక్కో రకానికి ప్రత్యేకంగా చదువుకుని, అదే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నవారు. ఎం.డి.టి. మీటింగులో కూర్చునేదీ వీరే, అక్కడ అనుకున్నది మనకు అర్థమయ్యేలా చెప్పగలిగేదీ వీరే. స్కాన్ తేదీ ఎప్పుడు, రిపోర్టు వచ్చిందా, ఈ మాత్ర వల్లే వాంతులా, పని మానాలా, పిల్లలకు ఎలా చెప్పాలి, ఇవన్నీ వారిని అడగవలసిన ప్రశ్నలే. డాక్టరు చూడవలసిన విషయమైతే వారే డాక్టరు దాకా తీసుకువెళతారు.

వీరిలో కొందరి బ్యాడ్జి మీద "మాక్మిలన్ నర్స్" అని ఉంటుంది. డగ్లస్ మాక్మిలన్ అనే ఆయన, తండ్రి క్యాన్సరుతో పడిన బాధ చూసి, 1911లో ఒక సంఘం పెట్టారు. అదే ఈనాటి మాక్మిలన్ క్యాన్సర్ సపోర్ట్. 1975లో మొదటి మాక్మిలన్ నర్సులు వచ్చారు. ఈ నర్సుల్లో ఎక్కువమంది ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగులే. ఆ ఉద్యోగం మొదలు పెట్టడానికి కావలసిన డబ్బు మాక్మిలన్ ఇస్తుంది. కొందరు సభ్యులు "మాక్మిలన్ అంటే ఇక ఆఖరి రోజులనేగా" అని కంగారు పడుతుంటారు. అది నిజం కాదు. జబ్బు తెలిసిన మొదటి రోజు నుంచీ వీరు ఉంటారు. ఇంట్లోంచే మాట్లాడాలనుకుంటే మాక్మిలన్ ఉచిత ఫోన్ నంబరు 0808 808 00 00.

కాబట్టి మొదటి పని: ఆ కార్డు మీది పేరు, నంబరు భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ ఎక్కించండి. ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కార్డు ఇవ్వకపోతే "మా కీ వర్కర్ ఎవరు?" అని అడగండి. ఫోన్ చేస్తే చాలాసార్లు మెసేజ్ పెట్టమని వస్తుంది. పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి నంబరు, ప్రశ్న చెప్పి పెట్టండి. తిరిగి చేస్తారు.

మిగతావారు

కీమో ఎక్కించేది డే యూనిట్ నర్సులు. రేడియేషన్ ఇచ్చేది రేడియోగ్రాఫర్లు. బరువు తగ్గుతుంటే డైటీషియన్. మందుల గురించి ఆసుపత్రి ఫార్మసిస్టు. మన ఇళ్ళలో ఈ చివరి ఇద్దరితో మాట్లాడేవారు చాలా తక్కువ. కానీ చెప్పవలసినవి ఎక్కువగా ఉండేది మన దగ్గరే. ఇండియా నుంచి తెప్పించిన తిప్పతీగ, అశ్వగంధ, పసుపు క్యాప్సూల్స్, ఏవో కషాయాలు, ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పండి. కొన్ని మూలికలు కీమో మందు పనిని మారుస్తాయి, కొన్ని కాలేయానికి భారమవుతాయి. కూరలో వేసే పసుపు సంగతి వేరు, క్యాప్సూల్లో పట్టించిన పసుపు సంగతి వేరు. ఏకాదశి, కార్తీక సోమవారం ఉపవాసాలున్నా ముందు అడగండి.

ఇంగ్లీషు తడబడే అమ్మానాన్నలకు దుబాసీ ఉచితంగా వస్తారు. అపాయింట్‌మెంట్ ఉత్తరం రాగానే "తెలుగు" అని స్పష్టంగా చెప్పి అడగాలి. లేకపోతే పేరు చూసి హిందీ అని రాసేసుకునే అవకాశం ఉంది. పిల్లలనో, మనవళ్ళనో మధ్యలో పెట్టి మాట్లాడించవద్దు. "నానమ్మకు ఇది నయం కాదట" అన్న మాటను పదిహేనేళ్ళ పిల్లవాడి నోట చెప్పించడం వాడికీ శిక్షే, ఆవిడకూ శిక్షే. పిల్లలు జాలిపడి సగం మింగేస్తే ఆవిడ నిర్ణయం తప్పు సమాచారం మీద జరుగుతుంది.

పాలియేటివ్ కేర్ అన్న పేరు వినగానే చాలామంది ఆశ వదిలేసుకుంటారు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, దిగులు తగ్గించే వైద్యం అది. అసలు చికిత్స జరుగుతుండగానే పక్కన ఇస్తారు. దీనికి దారి వేసిన సిసిలీ సాండర్స్ నర్సుగా, సోషల్ వర్కరుగా, చివరికి డాక్టరుగా పనిచేసి 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. "మార్ఫిన్ అలవాటైపోతుంది" అన్న భయంతో నొప్పి ఓర్చుకుంటూ కూర్చునే పెద్దలు మనలో ఉన్నారు. ఆ భయం కూడా ఆ బృందానికే చెప్పండి.

చాలా ఆసుపత్రుల్లో చాప్లెన్సీ విభాగం ఉంటుంది. చర్చి వాళ్ళకు మాత్రమే అనుకోకండి. హిందువులమని చెబితే తగినవారిని పిలిపిస్తారు. శాకాహారం, చేతికి కట్టిన దారం, మంగళసూత్రం, ఆఖరి ఘడియల్లో నోట్లో పోసే తులసితీర్థం, ఇలాంటివన్నీ వార్డుకు ముందే చెప్పి ఉంచితే వాళ్ళు గౌరవిస్తారు.

జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగవద్దు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

కీమో తరువాత తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. మామూలుగా 7 నుంచి 14 రోజుల మధ్య బాగా తక్కువగా ఉంటాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. పైకి కనిపించే గుర్తు ఒక్కోసారి కాస్త జ్వరమో, వణుకో మాత్రమే. చాలా ఆసుపత్రులు 37.5 డిగ్రీలనో, 38 డిగ్రీలనో హద్దు పెడతాయి. మనకు అలవాటైన లెక్కలో 99.5, 100.4. మీకిచ్చిన కార్డు మీద ఏముందో చూసుకోండి. థర్మామీటరు ఏ లెక్కలో చూపిస్తుందో కూడా ముందే చూసి పెట్టుకోండి.

మన ఇళ్ళలో జరిగేది ఏమిటి? రాత్రి పదకొండుకు ఒళ్ళు వెచ్చబడుతుంది. "ఈ టైములో వాళ్ళను ఇబ్బంది పెట్టడమెందుకు, ఒక పారాసెటమాల్ వేసుకుని పడుకో, పొద్దున్నే చూద్దాం" అంటారు. ఆ మాత్ర జ్వరాన్ని దించుతుంది, ఇన్ఫెక్షన్‌ను కాదు. గుర్తు మాయమై జబ్బు పెరుగుతుంది. అందుకే మాత్ర వేసే ముందే టెంపరేచర్ చూడాలి, కీమో బృందం ఇచ్చిన 24 గంటల నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. అది రాత్రుళ్ళు వాడడానికి ఇచ్చిన నంబరే. ఎ అండ్ ఇకి రమ్మంటే వెళ్ళి, తలుపు దగ్గరే "నేను కీమోలో ఉన్నాను" అని కార్డు చూపించండి. వరసలో కూర్చోవద్దు. ఇలాంటి అనుమానం ఉన్నవారికి గంటలోపు యాంటిబయాటిక్ ఎక్కించాలన్నది ఆసుపత్రుల లక్ష్యం. ఫోన్ అందకపోయినా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఊపిరి అందకపోయినా 999.

ఇమ్యునోథెరపీ తీసుకునేవారికి ఇంకొక మాట. దాని దుష్ప్రభావాలు నెలల తరువాత కూడా రావచ్చు. విరేచనాలు, ఆయాసం, దద్దుర్లు వస్తే "చికిత్స ఎప్పుడో అయిపోయిందిగా" అనుకోకుండా చెప్పండి.

డబ్బు, ఉద్యోగం, వీసా

ఇంగ్లండులో మందుల చీటీకి డబ్బు కట్టాలి. కానీ 2009 ఏప్రిల్ నుంచి క్యాన్సర్ రోగులకు ఆ ఖర్చు లేదు. జీపీ దగ్గర ఎఫ్.పి. 92 ఏ అనే ఫారం అడిగి మినహాయింపు సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఐదేళ్ళు చెల్లుతుంది. క్యాన్సర్ మందులకే కాదు, షుగరు మందులతో సహా ఎన్‌హెచ్‌ఎస్ చీటీ మీద వచ్చే అన్నిటికీ వర్తిస్తుంది. తెలియక నెల నెలా కట్టేవారున్నారు.

ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఆఫీసులో చెప్పనివారు చాలామంది. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండులలో క్యాన్సర్ అని తేలిన రోజు నుంచే ఆ ఉద్యోగికి రక్షణ ఉంటుంది. పని గంటలు, ఇంటి నుంచి పని, అపాయింట్‌మెంట్లకు సెలవు వంటి సర్దుబాట్లు అడగడం హక్కు.

వర్క్ వీసా మీద ఉన్నవారి సందేహం: "పబ్లిక్ ఫండ్స్ వాడకూడదని వీసాలో ఉంది, చికిత్స తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ చికిత్స ఆ లెక్కలోకి రాదు, ఆఫీసు ఇచ్చే స్టాట్యూటరీ సిక్ పే కూడా రాదు. పిప్ వంటి ప్రభుత్వ భత్యాలు మాత్రం ఆ లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఏ భత్యానికైనా అప్లై చేసే ముందు అర్హత ఉన్న వీసా సలహాదారును అడగండి.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి వేరు. ఎ అండ్ ఇలో చూసినంతవరకు డబ్బు అడగరు. వార్డులో చేర్చుకున్నాక, క్యాన్సర్ చికిత్స మొదలయ్యాక బిల్లు వస్తుంది. అదీ ఎన్‌హెచ్‌ఎస్ ధరకు ఒకటిన్నర రెట్లు. వాళ్ళను పిలిపించుకునే ముందే ఇన్సూరెన్స్ తీసుకోండి. ఉన్న జబ్బులన్నీ అందులో నిజాయితీగా రాయండి.

సాయం చేయాలనుకునేవారికి

"ఏదైనా కావాలంటే చెప్పండి" అనడం మంచి మనసే. కానీ అడగడం అనే పని మళ్ళీ ఆ ఇంటావిడ నెత్తిన పడుతుంది. మన వాళ్ళు మొహమాటంతో ఎన్నటికీ అడగరు. దాని బదులు "మంగళవారం కీమోకు నేను కారులో తీసుకువెళతాను, పదికి రానా?" అనండి. "గురు, శుక్రవారాలు పిల్లలను స్కూలు నుంచి మా వాళ్ళతో పాటు తెస్తాను" అనండి. అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పగలిగేలా అడగడమే అసలైన సాయం. రేడియేషన్ కొన్ని వారాల పాటు వారానికి ఐదు రోజులు ఉంటుంది. ఒక్కో రోజు ఒక్కొక్కరు పంచుకుంటే ఎవరికీ భారం కాదు.

ఆ కుటుంబం తరఫున ఒక్కరే అందరితో మాట్లాడాలి. చెల్లెలో, స్నేహితుడో ఆ బాధ్యత తీసుకుంటే ఇరవై మందికి అదే కథ ఇరవైసార్లు చెప్పే శ్రమ తప్పుతుంది.

వంట పంపేటప్పుడు: కీమోలో తాలింపు వాసనే వాంతి తెప్పిస్తుంది. నోరు పూసి ఉంటుంది. ఆవకాయ, గోంగూర పక్కన పెట్టి, కారం లేని పప్పు, మెత్తని ఇడ్లీ, పలచని చారన్నం, రాగి జావ కొంచెం కొంచెంగా పంపండి. నోరు లోహం రుచి వస్తుందని అంటే స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌దో, చెక్కదో ఇవ్వండి. తిరిగి ఇవ్వక్కరలేని డబ్బాల్లో పెట్టండి. అన్నం గంటల తరబడి బయట ఉంటే వేడి చేసినా పోని విషం తయారవుతుంది. అందుకని పండుగ రోజు పొద్దున కలిపిన పులిహోర సాయంత్రం వాళ్ళింటికి పంపవద్దు. ప్రసాదంగా తొక్క తీసుకుని తినే అరటిపండు, బత్తాయి చాలు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, పంచామృతం ఇవ్వవచ్చో లేదో వాళ్ళ నర్సును అడిగాకే.

వెళ్ళే ముందు ఫోన్ చేయండి. జలుబు, దగ్గు ఉంటే వెళ్ళవద్దు. పావుగంట కూర్చుని లేవండి. "మా పెదనాన్నకూ ఇదే, ఆరు నెలలే ఉన్నారు" అన్న కథ, "ఏ జన్మ పాపమో" అన్న మాట గడప బయటే వదిలేయండి. క్యాన్సర్ అంటుకోదు. పాపానికి శిక్షగానూ రాదు. రోగితో పాటు రాత్రింబవళ్ళు మేలుకుని ఉన్న భార్యనో, భర్తనో "నువ్వు తిన్నావా?" అని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్న అడగండి.

పేరు బయటపెట్టడం వారి ఇష్టం

దిష్టి తగులుతుందనో, అమ్మాయి పెళ్ళి కావలసి ఉందనో, జాలి చూపులు భరించలేకనో చాలామంది చెప్పుకోరు. చెప్పుకుంటే సాయం దొరుకుతుంది. అయినా ఆ నిర్ణయం వారిదే. ఆలయంలో ఎవరి పేరు మీదైనా ఆయురారోగ్యాల కోసం అర్చన చేయించాలనుకుంటే, వారిని అడగకుండా పేరు, గోత్రం మైకులో చదివించవద్దు. పది రోజుల్లో ఊరంతా తెలిసిపోతుంది. మనసులో సంకల్పం చెప్పుకున్నా దేవుడికి చేరుతుంది. వాట్సాప్ గ్రూపులకూ ఇదే నియమం.

ఆసుపత్రుల్లో పనిచేసే మన సభ్యుల తరఫున కూడా ఒక విన్నపం. నర్సులు, డాక్టర్లు, రేడియోగ్రాఫర్లు, ఫార్మసిస్టులు మనలో చాలామంది ఉన్నారు. "నువ్వు అక్కడే కదమ్మా పనిచేసేది, కంప్యూటర్లో మా అన్నయ్య రిపోర్టు ఒకసారి చూసి చెప్పు" అని వారిని అడగవద్దు. తమ వైద్యంలో లేని మనిషి రికార్డు తెరిస్తే అది చట్టం దృష్టిలో తప్పు. ఎవరు, ఎప్పుడు తెరిచారో కంప్యూటర్లో నమోదవుతుంది. ఉద్యోగం, నర్సింగ్ రిజిస్ట్రేషన్ రెండూ పోయే ప్రమాదం ఉంది. వారిని అడగవలసింది వేరే ఉంది. కార్డు మీది ఈ మాటకు అర్థమేమిటి, ఈ ప్రశ్న ఇంగ్లీషులో ఎలా అడగాలి, అపాయింట్‌మెంట్‌కు ఏం రాసుకుని వెళ్ళాలి, ఇవి వారు సంతోషంగా చెబుతారు.

ఇంట్లోనూ చెప్పుకోలేనివారికి ఇంకొక చోటు ఉంది. మాగీ కెస్విక్ జెంక్స్ అనే ఆవిడకు 1993లో క్యాన్సర్ తిరగబెట్టిందని చెప్పి, కిటికీ కూడా లేని ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టారు. ఆ మాట జీర్ణించుకోవడానికి ఒక మంచి గది, ఒక కప్పు టీ, మాట్లాడే మనిషి ఉండాలని ఆవిడ తలచారు. 1995లో పోయారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో మొదటి మాగీస్ సెంటరు తెరిచారు. ఇప్పుడు చాలా పెద్ద ఆసుపత్రుల ఆవరణలో ఇవి ఉన్నాయి. అపాయింట్‌మెంట్ అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. రోగే వెళ్ళాలని లేదు, ఇంటివాళ్ళూ వెళ్ళవచ్చు.

మన పిల్లలు చేయగలిగింది కూడా ఉంది. లుకేమియా వంటి రక్త క్యాన్సర్లలో కొందరికి వేరొకరి మూలకణాలు కావాలి. సరిపోయే దాత సాధారణంగా తమ జాతి మూలాలున్నవారిలోనే దొరుకుతారు. రిజిస్టర్లలో దక్షిణాసియా వాళ్ళం తక్కువ, అందుకే మనవాళ్ళకు దాత దొరకడం కష్టం. షర్లీ నోలన్ అనే తల్లి తన కొడుకు ఆంథొనీ కోసం 1974లో మొదలుపెట్టిన ఆంథొనీ నోలన్ రిజిస్టరులో 16 నుంచి 30 ఏళ్ళ వారు చేరవచ్చు. చేరడానికి బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే చాలు. ముప్పై దాటినవారికి డి.కె.ఎం.ఎస్. ఉంది, అక్కడ 55 ఏళ్ళ దాకా చేర్చుకుంటారు.

మీ ఇంట్లోగానీ, మీకు తెలిసినవారిలోగానీ చికిత్స జరుగుతుంటే, కారు సాయం, వంట, పిల్లలను చూసుకోవడం, ఉత్తరాలు చదివి పెట్టడం, వీటిలో ఏది కావాలన్నా ఆలయ ఆఫీసులో సేవా బృందాన్ని అడగండి. పేరు మా దగ్గరే ఉంటుంది. సాయం చేయగలిగినవారు వారంలో ఏ రోజు, ఏ గంటలు ఖాళీయో రాసి ఇవ్వండి. వారానికి రెండు గంటలైనా చాలు.

సర్వే సంతు నిరామయాః.

- ఆలయ సేవా బృందం